పందొమ్మిది మంది పిల్లలు, ఒక గంట

బోధన్‌లో బస్టాండుకు కాస్త లోపలి వీధిలో ఇరవై పడకల ప్రసూతి ఆసుపత్రి ఒకటుంది. అక్కడ పుట్టిన పిల్లల వివరాలు రాసే మనిషి గంగామణి. తల్లి పేరు, తండ్రి పేరు, ఊరు, ఆడో మగో, బరువు, పుట్టిన వేళ. మిగతావన్నీ తర్వాతైనా అడిగి తెలుసుకోవచ్చు, వేళ మాత్రం అప్పుడు రాసుకోకపోతే మళ్లీ దొరకదని ఆమె అనుకునేది. అందుకే ఆ గడిలో అంకెలు కొంచెం పెద్దవిగా రాసేది.

ఆమెది మోర్తాడ్. పసుపు పండించే ఇల్లు. ఇంటర్ పాసైన ఏడాదే, బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసే లింబయ్యకిచ్చి పెళ్లి చేశారు. ఫ్యాక్టరీ మూతపడ్డాక లింబయ్య రైస్ మిల్లులో కుదిరాడు, ఆమె ఈ ఆసుపత్రిలో ఆయాగా చేరింది. ఒకరోజు వార్డు గోడకు అంటించిన నోటీసు చూసి, "ఈ దస్తూరి ఎవరిది?" అని డాక్టర్ ఉదయలక్ష్మి అడిగింది. మర్నాటి నుంచి గంగామణి చేతికి చీపురు బదులు రిజిస్టరు వచ్చింది. అది జరిగి పదకొండేళ్లు.

మనిషిది మొదటి నుంచీ కంగారు స్వభావం. గ్యాస్ కట్టేశానో లేదోనని వీధి చివరి నుంచి వెనక్కి వచ్చి చూసుకుంటుంది. రాసిన అంకెను మూడుసార్లు చదువుకుంటుంది. ఇంట్లో వాళ్లు నవ్వుతారు, ఆసుపత్రిలో నర్సులూ నవ్వుతారు. డాక్టరమ్మ మాత్రం నవ్వదు. ఆమెకు అలాంటి మనిషే కావాలి.

ఆ ఏడు సంక్రాంతి దాటాక కాన్పుల గదికి రంగులు వేయించారు. అప్పుడే గోడ గడియారం తీసేసి, ఒక కంప్యూటర్ పెట్టారు. బిడ్డ బయటికి రాగానే నర్సు ఒక మీట నొక్కితే చాలు, తల్లి పేరూ వేళా అచ్చయిన చిన్న కాగితం పట్టీ వస్తుంది. ఒకటి బిడ్డ చేతికి కడతారు, ఒకటి ఫైలుకు అంటిస్తారు. ఆ ఫైళ్లు మర్నాడు ఉదయం గంగామణి బల్ల మీదికి వస్తే, పట్టీ చూసి ఆమె రిజిస్టరులో ఎక్కించుకుంటుంది. కంప్యూటర్ కొత్తది కాదు. విదేశాల్లో ఆఫీసులు వాడి వదిలేసిన వాటిని హైదరాబాద్‌లో అమ్ముతుంటే, నిజామాబాద్‌లో రిపేరు షాపు నడిపే నాగేందర్ కొని తెచ్చి బిగించాడు. టైము చేత్తో సరిచేసి, "ఇగ మీకు రందిలేదు అక్కా, సెకండు గూడ తప్పదు" అని చెప్పి పోయాడు. కాన్పుల గదిలో ఇంటర్నెట్ లేదు, దాని అవసరం ఉందని ఎవరికీ అనిపించలేదు.

మార్చిలో జరిగిన రెండు కాన్పులు గంగామణికి బాగా గుర్తున్నాయి.

మొదటిది ఒక శనివారం ఉదయం. రుద్రూరు దగ్గరి క్యాంపులో వ్యవసాయం చేసే చెంచురామయ్య కోడలు హైమకు ఆడపిల్ల పుట్టింది. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి, కాలువ కింద భూములు కొని స్థిరపడ్డ కుటుంబం; అలాంటి వాళ్ల ఊళ్లను అక్కడ క్యాంపులంటారు. పట్టీ మీద తొమ్మిదీ పది అని ఉంది. కబురు విని మధ్యాహ్నానికి వచ్చిన చెంచురామయ్య వరండాలో నిలబడి సిద్ధాంతికి ఫోను చేశాడు. ఆయన మాట్లాడితే మూడు గదులకు వినిపిస్తుంది. "ఎనిమిదిన్నర దాకా హస్త, ఆ తర్వాత చిత్తా? మొదటి పాదమా? తండ్రికా?" అంటూ గొంతు తగ్గించేశాడు. అంత పెద్ద గొంతు మనిషి అలా గుసగుసలాడటం చూసి గంగామణి రాస్తున్నది ఆపేసింది. చిత్త మొదటి పాదం తండ్రికి మంచిది కాదట. ఇరవై ఏడో రోజున మళ్లీ ఆ నక్షత్రం వచ్చినప్పుడు శాంతి చేయించే దాకా తండ్రి బిడ్డ ముఖం చూడకూడదట.

ఐదో రోజున హైమను పుట్టింటికి తీసుకెళ్లారు. బిడ్డ మీద తెల్లటి పంచె కప్పి కారు ఎక్కించారు. హైమ భర్త చక్రవర్తి గేటు అవతల, సంచులు రెండు చేతుల్లో పట్టుకుని, కారుకు వీపు పెట్టి నిలబడ్డాడు. ముప్పై ఏళ్ల మనిషి, నీలం చొక్కా. కారు వెళ్లిపోయినా కాసేపు అలాగే ఉన్నాడు. కిటికీలోంచి చూస్తున్న గంగామణి ఆ రోజు ఇంటికి వెళ్లి అన్నం సరిగ్గా తినలేదు.

రెండోది ఆ తర్వాతి శుక్రవారం. గంగామణి చెల్లెలి కూతురు దీక్షితది. పెద్దమ్మ ఉన్న ఆసుపత్రి అని మోర్తాడ్ నుంచి కాన్పుకు ఇక్కడికి తీసుకొచ్చారు. నొప్పులు నిలిచిపోయి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది, ఆ కంగారులో బయట ఎవరూ టైము చూసుకోలేదు. మగపిల్లాడు. పట్టీ మీద మూడూ అయిదు. దీక్షిత అత్త సాయవ్వ మెండోర నుంచి దిగింది. నక్షత్రాల విషయంలో ఆమెను మించిన వాళ్లు లేరు. "మద్దినం రెండున్నర దాంక మూల ఉండె, తండ్రికి గండం. పోరడు సరిగ్గ అర్ధగంట తప్పిచ్చుకోని వచ్చిండు. పూర్వాషాఢ! భూ అక్షరం! మా మామ పేరు భూమన్న. ఇగ గీనె భూమేష్!" అని వార్డు మొత్తానికీ చెప్పింది. పక్క మంచాల వాళ్లకు కూడా మిఠాయి పంచింది. దీక్షిత భర్త సాయికుమార్ కొడుకును ఒళ్లోంచి దించకుండా రెండు రోజులున్నాడు. పసుపు అమ్మకానికి తీసేది ఉందని మెండోర పోయి, మళ్లీ వచ్చి, మళ్లీ పోయాడు.

ఆ తర్వాతి మంగళవారం ఉదయం దాకా అంతా బాగానే ఉంది.

పదకొండు నలభైకి కాన్పుల గదిలోంచి నర్సు పరుగున వచ్చి, "అక్కా, తల్లి పేరు తప్పు పడ్డది, నువ్వు చేత్తోని రాసియ్యవా" అని పట్టీ ఇచ్చింది. లోపల బిడ్డ ఇంకా ఏడుస్తూనే ఉంది. గంగామణి పేరు దిద్ది, అలవాటుగా వేళ చదివింది. పన్నెండూ ముప్పై ఎనిమిది. రెండోసారి చదివింది. మూడోసారి చదివింది. తన బల్ల ఎదుటి గోడ గడియారం వైపు చూసింది, ఆగిపోయిందేమో అనుకుంది. ఫోను తీసింది. పదకొండు నలభై ఒకటి.

ఆ బిడ్డ ఇంకా రాని వేళకు పుట్టింది.

"గిదేంది? గీ టైము ఎట్ల వచ్చింది?"

నర్సు తొంగి చూసి తేలిగ్గా అంది. "లోపటి టైము జర ముందే ఉంటది గద అక్కా. బైటి గడియారమే స్లో అనుకున్న నేను."

"ఎన్ని రోజుల సంది?"

"ఏమో... పదిహేను రోజులైతుండొచ్చు. ఒక ముసలమ్మ గూడ లొల్లి వెట్టింది, మా ఫోన్ల వేరే టైముంది అని. కంప్యూటర్‌దే కరెక్టని చెప్పి పంపిన."

గంగామణి వేళ్ల మీద రోజులు లెక్కపెట్టింది. అంతకు రెండు వారాల కిందట, ఒక సోమవారం పొద్దున, కరెంటు పోయి వచ్చాక ఆ కంప్యూటర్‌ను ఆన్ చేసింది తనే. తెర మీద ఏదో అడిగితే ఏదో నొక్కింది. ఏం నొక్కిందో గుర్తులేదు. ఇదంతా తన చేతి చలవేనా?

రిజిస్టరు తెరిచింది. పేజీలు తిప్పుతుంటే రెండు వరుసల దగ్గర వేలు ఆగింది. శనివారం, హైమ, ఆడపిల్ల, తొమ్మిదీ పది. గంట తీసేస్తే ఎనిమిదీ పది. ఎనిమిదిన్నరకు ముందే. ఆ పిల్లది చిత్త కాదు, హస్త. తండ్రి పది రోజులుగా బిడ్డ ముఖం చూడకుండా ఉన్నది ఏ దోషమూ లేనిదానికి.

శుక్రవారం, దీక్షిత, మగపిల్లాడు, మూడూ అయిదు. గంట తీసేస్తే రెండూ అయిదు. రెండున్నరకు ముందు.

గంగామణి రిజిస్టరు మూసేసింది.

నాగేందర్‌కు ఫోను చేస్తే అతను మొదట కొట్టిపారేశాడు. "రాత్రి పూట ఎవలన్న చెయ్యి వెట్టిండ్రేమో అక్కా. టైము ఎనుకకు జరపుండ్రి, ఖతం." ఆమె ఒప్పుకోలేదు. ఏ రోజు నుంచి తప్పిందో తెలియాలి, ఎంత తప్పిందో తెలియాలి, రోజూ ఒకేలా తప్పిందో లేదో తెలియాలి. ఆమె వదిలేలా లేదని కాబోలు, అతను షాపు మూసి బస్సెక్కాడు. రెండున్నరకు కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. పక్కన డాక్టర్ ఉదయలక్ష్మి నిలబడింది. గంగామణి రిజిస్టరును గుండెకు ఆనించుకుని గోడకు ఒరిగింది.

కాసేపటికి నాగేందర్ తల గోక్కున్నాడు. "గల్తి నాదే మేడం."

"ఏమైంది?"

"గీ మిషిని ఇంక అమెరికాలనే ఉన్న అనుకుంటుంది. పాత ఆఫీసోళ్లు వెట్టిన దేశం అట్లనే ఉంది. నేను పైన కనవడే టైమొక్కటి మార్చిన, దేశం మార్చలే."

డాక్టరమ్మకు అర్థం కాలేదు. అతను వివరించాడు. కంప్యూటర్ లోపలి గడియారం ఒట్టిగా లెక్కపెట్టుకుంటూ పోతుంది. దానికి పగలు లేదు, రాత్రి లేదు, ఊరు లేదు. తెర మీద కనిపించే టైము వేరు. ఏ దేశంలో ఉన్నావని చెబితే ఆ దేశం నియమం ప్రకారం లెక్కకట్టి చూపిస్తుంది.

"గా దేశంల ఎండకాలం రాంగనే పొద్దు తొందర్గ పొడుస్తది మేడం. ఎల్తురు వాడుకోవాలని అందరు గడియారాలు ఒక గంట ముందుకు తిప్పుకుంటరు. మార్చి రెండో ఐతారం నాడు. మల్ల నవంబర్‌ల ఎనుకకు తిప్పుకుంటరు. మనుషులు మర్సిపోతరని కంప్యూటర్లకే నేర్పి వెట్టిండ్రు. గా ఐతారం తెల్లారుజామున రెండు కాంగనే ఇది దానంతట అదే మూడు చేసుకుంది."

"మన దగ్గర అలాంటిదేం లేదు కదా."

"లేదు మేడం. మనం ఎన్నడు తిప్పం. అందుకే నా మనసుకు రాలే."

గంగామణి గోడ దగ్గరి నుంచి నెమ్మదిగా అడిగింది. "సోమవారం నేను ఏమో నొక్కిన తమ్మీ..."

"నువ్వేం చెయ్యలే అక్కా. నువ్వు నొక్కకముందే, ఐతారం నాడే అయిపోయింది."

ఆ మాటకు ఆమెకు ఊరట కలిగింది. కానీ అది ఎక్కువసేపు నిలవలేదు. నాగేందర్ దేశం మార్చి మన దేశం పెట్టగానే, తెర మీద పిల్లల వేళలన్నీ ఒక్కసారిగా మారిపోయాయి. మధ్యాహ్నం పుట్టిన పిల్లలు అర్ధరాత్రికి పోయారు, రాత్రి పుట్టిన వాళ్లు మర్నాటికి పోయారు. జనవరి నుంచి పుట్టిన ప్రతి బిడ్డా కదిలిపోయింది. "అయ్యో, అయ్యో" అని గంగామణి నోరు మూసుకుంది.

"భయపడకక్కా. లోపట ఉన్న లెక్క అట్లనే ఉంది, చూపే తీరు మారింది అంతే. నీ రిజిస్టరు తే."

ఇద్దరూ వరుసగా పోల్చారు. ఆ ఆదివారానికి ముందు పుట్టిన పిల్లలంతా రిజిస్టరు కంటే పదమూడున్నర గంటలు ముందుకు జరిగారు. ఆ తర్వాత పుట్టిన వాళ్లంతా పన్నెండున్నర గంటలే జరిగారు. ఒక్కటి కూడా అటూ ఇటూ లేదు. సరిగ్గా ఆదివారం దగ్గర గీత గీసినట్టు గంట తేడా.

"గిదే సాక్ష్యం," అన్నాడు నాగేందర్. "గీతకు ఇవతల పుట్టినోళ్లందరికి ఒక గంట తీసేస్తే సరి. పందొమ్మిది మంది."

అతను అన్నీ సరిచేసి, ఇకపై నవంబర్‌లోనూ కదలకుండా చేసి, తలవంచుకుని వెళ్లిపోయాడు.

తలుపు మూసి డాక్టరమ్మ కుర్చీలో కూర్చుంది. "గంగామణీ, ఇవాళ్టి నుంచి సరిగ్గా రాద్దాం. పాతవి వదిలెయ్."

"మేడం?"

"నా మాట విను. ఒక గంటతో బిడ్డ ఆరోగ్యానికి ఏం కాదు. మనం చెప్తే ఏమవుతుందో తెలుసా? టైమే సరిగ్గా రాయలేని వాళ్లు ఇంజక్షన్లు ఏం సరిగ్గా ఇస్తారంటారు. ఎవడో ఒకడు వరండాలో వీడియో తీసి ఊరంతా పంపుతాడు. ఇరవై ఏళ్లు కష్టపడి నిలబెట్టుకున్న పేరమ్మా ఇది."

ఆమె మాట అబద్ధం కాదని గంగామణికి తెలుసు. డాక్టరమ్మ భయం కూడా తన భయం లాంటిదే. పైగా ఆ మాట వినగానే లోపల ఎక్కడో చల్లగా అయింది. వదిలెయ్యొచ్చు. దీక్షిత కొడుకు భూమేష్‌గానే ఉంటాడు. ఎవరికీ తెలియదు.

"హైమ మొగడు బిడ్డను చూస్తలేడు మేడం," అని మాత్రం అంది.

"తెలుసు. పదిహేడు రోజుల్లో చూస్తాడు."

గంగామణి వేడినీళ్ల ఫ్లాస్కు తీసుకుని పైకి వెళ్లింది. వార్డు నుంచి మార్చిన నాలుగో గదిలో దీక్షిత నిద్రపోతోంది. సాయవ్వ కాళ్లు చాపుకుని, మనవణ్ణి వాటి మీద పడుకోబెట్టుకుని, నూనె రాస్తోంది. "సూడు మణీ, ముక్కు మా సాయిగాడిదే. భూమేష్! ఓ భూమేషూ!" బిడ్డ ఒళ్లు విరుచుకున్నాడు. గంగామణి ఫ్లాస్కు కింద పెట్టి కిందికి వచ్చేసింది. మెట్ల మధ్యలో ఆగింది. గేటు అవతల నీలం చొక్కా వీపు కళ్లలో నిలిచింది. పోనీ అతనికొక్కడికే ఫోను చేస్తే? అతనికి చెబితే కాగితం అడుగుతాడు, కాగితం ఇస్తే రిజిస్టరు దిద్దాలి, రిజిస్టరులో ఒక వరుస దిద్ది పక్క వరుస వదిలేస్తే అది తప్పు కాదు, దొంగతనం. ఏ వైపు నుంచి చూసినా నాలుగో గది దాటి వెళ్లే దారి లేదు.

నాలుగున్నరకు మళ్లీ పైకి వెళ్లింది. దీక్షిత లేచి కూర్చుని ఉంది. గంగామణి తలుపు దగ్గరకు వేసి, నిలబడే చెప్పింది. కంప్యూటర్ గంట ముందుకు పోయిందని, పందొమ్మిది మంది పిల్లలకు అలాగే పడిందని, తాను సరిచేయబోతున్నానని. "మనోడు పుట్టింది మూడు అయిదుకు కాదు వదినా. రెండు అయిదుకు."

సాయవ్వ నూనె గిన్నె పక్కకు జరిపింది. "రెండు అయిదంటే..."

"ఆ."

"మూల."

దీక్షిత పెద్దమ్మ వైపు చూసిన చూపు గంగామణి ఇప్పటికీ తలుచుకోదు. "నిన్నెవరు అడిగిండ్రు పెద్దమ్మా?" అంది దీక్షిత. "ఎవరన్న అడిగిండ్రా నిన్ను?"

సాయవ్వ కోపం తెచ్చుకోలేదు. కోపం తెచ్చుకున్నా బాగుండేది. ఆమె ముఖం పాలిపోయింది. "సాయిగాడు సూసిండు గద," అంది. "నాలుగు రోజుల సంది ఎత్తుకుంటనే ఉన్నడు. ముద్దులు గూడ వెట్టిండు. ఏడున్నడు వాడిప్పుడు? ఫోన్ చెయ్యుండ్రి."

దీక్షిత ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. పొద్దున పసుపు వ్యాన్‌లో వేసి, తాను బైకు మీద నిజామాబాద్ మార్కెట్ యార్డుకు పోతానన్నాడు. మధ్యాహ్నానికల్లా అయిపోతుంది, సాయంత్రానికి బండి మీద ఇక్కడికి వస్తానన్నాడు. అయితే ఇప్పుడు రోడ్డు మీద ఉంటాడు. సాయవ్వ తన ఫోనుతో చేసింది. గంగామణి తన ఫోనుతో చేసింది. మూడు ఫోన్లూ మోగుతున్నాయి, అవతల ఎవరూ ఎత్తడం లేదు.

అయిదు దాటింది. మెండోరలో పక్కింటి వాళ్లకు చేశారు. పొద్దున పోయినోడు ఇంకా రాలేదన్నారు. సాయవ్వ బిడ్డను మంచం మీద పెట్టేసి, చేతులు ఒళ్లో దాచుకుంది, ముట్టుకుంటే ఏదో అవుతుందన్నట్టు. బిడ్డ ఏడవడం మొదలుపెట్టాడు. దీక్షిత కుట్లు పట్టుకుని వంగి ఎత్తుకుంది. ఆమె కూడా ఏడుస్తోంది.

గంగామణికి నక్షత్రాల మీద అంతగా పట్టింపు లేదు. తన ఇద్దరు పిల్లల జాతకాలు ఎప్పుడూ రాయించలేదు. అయినా ఆ గంటలో ఆమె నమ్మింది. నిజామాబాద్ దారి మలుపులు, లారీలు, హెల్మెట్ పెట్టుకోని సాయికుమార్, అన్నీ కళ్ల ముందుకొచ్చాయి. నేను చెప్పకపోతే ఏమీ అయ్యేది కాదేమో అనుకుంది. మరుక్షణమే, పుట్టిన వేళ నేను చెప్పినప్పుడు మారలేదు కదా, అది ఎప్పుడూ రెండూ అయిదే కదా అని తనకు తానే చెప్పుకుంది. ఆ మాట బుద్ధికి తెలిసినా, చేయి మళ్లీ ఫోను మీదికే వెళ్లింది. పదమూడోసారో పద్నాలుగోసారో నంబరు నొక్కింది.

అయిదూ నలభైకి దీక్షిత ఫోను మోగింది.

"ఏమైందే? గిన్ని ఫోన్లా? పోరడు మంచిగున్నడా?" సాయికుమార్ గొంతులో భయం. వెనక హమాలీల కేకలు. "ఫోను సరుకు తెచ్చిన డీసీఎం వ్యాన్ల వెట్టి వచ్చిన. ఇంక మా పసుపు కాంట మీద జోకలే, లైన్ల ఉన్న."

సాయవ్వ ఫోను లాక్కుని, ఏమీ చెప్పలేక, "బండి మెల్లగ నడుపు బిడ్డా" అని మాత్రం అంది. తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

గంగామణి కిందికి దిగి, ముఖం కడుక్కుని, డాక్టరమ్మ గదిలోకి వెళ్లింది. "మా ఇంట్ల చెప్పి వచ్చిన మేడం. మా పోరనికే మూల పడ్డది. ఇగ మిగిలినోళ్లకు చెప్పనీకి నాకు భయం లేదు." నిజానికి భయం చాలా ఉంది. డాక్టరమ్మ సొరుగులోంచి ఆసుపత్రి పేరున్న కాగితాలు తీసి బల్ల మీద పెట్టింది. "అందరికీ ఒకేలా రాయి. తప్పు మా యంత్రానిదని రాయి. సంతకం నేను పెడతాను. ఫోన్లు కూడా నేనే చేస్తాను, నీ చేత తిట్లు తినిపించను."

మర్నాడు పొద్దున తొమ్మిది కాకముందే చెంచురామయ్య వచ్చాడు. ఫోను విని రాత్రంతా నిద్రపోలేదట. ఆసుపత్రి కప్పు ఎగిరిపోయేలా అరిచాడు. "గంట తేడానా? మనుషుల బతుకులతో ఆటలా మీకు? మా అబ్బాయి పది రోజులుగా తిండి మానేశాడండీ! సిద్ధాంతి గారి ముందు నేనేమని చెప్పుకోను?" డాక్టరమ్మ కాగితం ఇచ్చింది. ఆయన దాన్ని ఫొటో తీసి సిద్ధాంతికి పంపాడు. వరండాలో అటూ ఇటూ తిరిగాడు. ఫోను వచ్చింది. విని, అక్కడున్న బెంచీ మీద కూలబడ్డాడు. "హస్త నాలుగో పాదం," అన్నాడు ఎవరితోనో తెలియకుండా. "ఏం లేదట. అసలు ఏం దోషం లేదట."

ఆయన వెంట వచ్చిన చక్రవర్తి ఆ మాట విన్నాడు. తండ్రి బండి దగ్గరికి నడుస్తుంటే ఇతను వెనకబడి, గంగామణి బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఈ తప్పు కనిపెట్టింది మీరేనటండీ."

"అవును సార్. తప్పు రాసింది గూడ నేనే."

"నేను మా పాపని చూశానండీ. నాలుగో రోజునే. మీ వరండాలో కిటికీ రెక్క తీసుంది. ఎవరికీ చెప్పలేదు." అతని కళ్లు నేల మీదే ఉన్నాయి. "ఆ రోజు నుంచి ట్రాక్టర్ ఎక్కితే భయం, మోటరు స్విచ్ వెయ్యాలంటే భయం. నాకేమన్నా అయితే దాని మీద పడుతుంది కదండీ, దీనివల్లే పోయాడని జీవితాంతం అంటారు కదా. అది తలుచుకుంటేనే నిద్ర పట్టేది కాదు." కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తండ్రి వెనకే వెళ్లిపోయాడు. ఆ రోజు అతను నేరుగా అత్తగారి ఊరు వెళ్లాడని తర్వాత తెలిసింది.

దీక్షిత ఇంట్లో అంత సులువుగా తేలలేదు. మెండోర సిద్ధాంతి, మూలలో నాలుగో పాదం కాబట్టి భయం లేదని, మంచిదేనని స్పష్టంగా చెప్పాడు. సాయవ్వ చెవికి పాదం ఎక్కలేదు, మూల ఒక్కటే ఎక్కింది. శాంతి చేయించింది. అప్పటిదాకా బిడ్డను చూడొద్దని కొడుకును ఆపబోయింది. "నాలుగు రోజులు సూసినంక ఇంకేం సూడొద్దంటవే?" అని సాయికుమార్ ఆ మంగళవారం రాత్రే వచ్చి కొడుకు పక్కన పడుకున్నాడు. పిల్లాడికి భూమేష్ పేరే ఉంచారు. కానీ ఆ పేరు పెట్టిన రోజున గంగామణికి పిలుపు రాలేదు. చెల్లెలు ఫోనులో, "నువ్వు చేసింది తప్పని అంటలేనక్కా, గని జర ఆగి చెప్తే ఏమయితుండె" అంది. బతుకమ్మ పండుగ దాకా దీక్షిత మాట్లాడలేదు. ఆ తర్వాత ఒక రోజు పిల్లాడికి విరేచనాలవుతుంటే ఏం మందు వేయాలో డాక్టరమ్మను అడిగి చెప్పమని ఫోను చేసింది. పెద్దమ్మా అనే పిలిచింది.

మిగతా పదిహేడు ఇళ్లలో చాలామంది కాగితం తీసుకుని ఊరుకున్నారు. ఇద్దరు వచ్చి గొడవ పెట్టారు. రాత్రి పన్నెండు దాటాక పుట్టాడని రాసిన ఒక పిల్లాడి పుట్టినరోజు తేదీయే ముందు రోజుకు మారింది. ఆ సర్టిఫికెట్ దిద్దించడానికి గంగామణి ఆరుసార్లు తిరిగింది. డాక్టరమ్మ భయపడినట్టు ఎవరో వీడియో పెట్టారు కూడా. ఒక నెల కాన్పులు తగ్గాయి, తర్వాత మామూలయ్యాయి. కాన్పుల గది గోడకు మళ్లీ ఒక గడియారం పెట్టారు. పట్టీ మీద వేళనూ గడియారం వేళనూ రెండింటినీ గంగామణి రిజిస్టరులో రాస్తుంది.

ఒక్క కాగితం మాత్రం ఇంకా ఆమె దగ్గరే ఉంది. దూరపు ఫ్యాక్టరీకి పంపే చెరుకు కొట్టడానికి నాందేడ్ వైపు నుంచి వచ్చిన కూలీల ఆడబిడ్డది. ఆ తల్లి మూడో రోజునే వెళ్లిపోయింది. ఇచ్చిన ఫోను నంబరు పలకదు. పుట్టిన వేళ ఎంతని ఆమె అడగనైనా అడగలేదు. డిసెంబరులో చెరుకు బండ్లు మళ్లీ వచ్చినప్పుడు గంగామణి వెళ్లి, వచ్చీరాని మరాఠీలో అడిగింది. ఆ ఇంటివాళ్లు ఈసారి వేరే ఫ్యాక్టరీ వైపు పోయారని ఒక ముసలావిడ చెప్పింది. ఏ ఊరో తెలియదంది.

"ఏమన్నా చెప్పాలా వాళ్లకు?" అని ఆమె అడిగితే, గంగామణి కాగితం సంచిలోంచి సగం తీసింది, ఎవరికివ్వాలో తోచక మళ్లీ లోపల పెట్టేసుకుంది. "కనవడితే నా నంబర్ ఇయ్యి అవ్వా," అని చెప్పి, ఆమె ఫోనులో తన నంబరు తానే ఎక్కించి, సరిగ్గా పడిందో లేదోనని మూడుసార్లు చూసుకుని వచ్చింది.